అమెరికా పల్లె కౌంటీలో రైతులకు కోవిడ్ సాయం ఎంత అందింది? లెక్క తీసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలో అయోవా రాష్ట్రానికి వాయవ్య మూలన సూ కౌంటీ ఉంది (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). స్పెల్లింగు చూసి సియోక్స్ అని చదివేస్తాం గానీ, అక్కడివాళ్లు పలికేది ‘సూ’ అనే. 2020 జనాభా లెక్కల్లో జనం 36 వేల లోపే. పందులు మాత్రం మనుషులకు ఎన్నో రెట్లు. ఆ ఏడాది ఏప్రిల్ 12న పక్క రాష్ట్రంలోని సూ ఫాల్స్‌లో స్మిత్‌ఫీల్డ్ మాంసం ప్లాంటు మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. వారం తిరగ్గానే మిన్నెసోటా రాష్ట్రం వర్తింగ్టన్‌లో జేబీఎస్ ప్లాంటు ఆగింది. రెండు చోట్లా కారణం ఒకటే, కార్మికుల్లో కోవిడ్ పాకింది. గింజలైతే గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగొచ్చు. పందిని అలా ఆపలేం. రోజూ తింటుంది, రోజూ బరువు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఏ ప్లాంటూ దాన్ని తీసుకోదు.

ఆ తర్వాత వాషింగ్టన్ నుంచి డబ్బు వచ్చింది. ఇలాంటి ఒక కౌంటీకి ఎంత వచ్చింది, ఎవరికి, ఏ లెక్కన? ఇది తేల్చడం కష్టం కాదు, ఎందుకంటే చెల్లింపుల వివరాలు ఎవరైనా దించుకోవచ్చు. అయితే తప్పుగా తేల్చడం ఇంకా తేలిక. జర్నలిజం, డేటా నేర్చుకుంటున్నవాళ్లకీ, అమెరికా చిన్న ఊళ్లలో స్థిరపడి ‘మా కౌంటీ రైతులకు ఎంత ముట్టింది’ అని తెలుసుకోవాలనుకునే తెలుగువాళ్లకీ పనికొస్తుందని ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణ సూ కౌంటీ. మీ కౌంటీ ఏదైనా నడక ఇదే.

ఒక మాట ముందే చెప్తాను. అందరూ మొదట కౌంటీ మొత్తం ఎంత అని వెతుకుతారు. నేనూ అలాగే మొదలుపెట్టి రెండు రోజులు వృథా చేసుకున్నాను. ఒక్క రైతు లెక్క మన చేత్తో కట్టి చూడనిదే కౌంటీ మొత్తం అంకె మనకు ఏమీ చెప్పదు.

1. ఏ డబ్బు గురించి అడుగుతున్నారో తేల్చుకోండి

2020లో అమెరికా ప్రభుత్వం రైతులకు నేరుగా ఇచ్చింది మొత్తం 4,500 కోట్ల డాలర్ల పైనే. అదంతా కోవిడ్ సాయం కాదు. ఈ తేడా పట్టుకోకుండా రాసిన వార్తలు చాలానే కనిపిస్తాయి.

అసలు కోవిడ్ సాయం పేరు కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. పొట్టిగా సీఎఫ్‌ఏపీ, మాటల్లో సీఫాప్. 2020 ఏప్రిల్ 17న వ్యవసాయ శాఖ దీన్ని 1,900 కోట్ల డాలర్ల ప్యాకేజీలో భాగంగా ప్రకటించింది. అందులో 1,600 కోట్లు రైతుల ఖాతాలకు, 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పంచడానికి. రైతుల వాటా రెండు సంచుల్లోంచి వచ్చింది. ఒకటి మార్చి 27న సంతకమైన కోవిడ్ సాయం చట్టం, పేరు కేర్స్, 950 కోట్లు. రెండోది కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అనే పాత సర్కారీ సంస్థ, 650 కోట్లు. ఈ రెండు సంచుల సంగతి గుర్తుపెట్టుకోండి, కింద లెక్కలో మళ్లీ వస్తుంది.

మొదటి విడతకు దరఖాస్తులు 2020 మే 26 నుంచి సెప్టెంబర్ 11 దాకా తీసుకున్నారు. రెండో విడత, అంటే సీఫాప్ 2, సెప్టెంబర్ 21న మొదలై డిసెంబర్ 11న ముగిసింది. డిసెంబర్ 27న వచ్చిన చట్టం మరికొంత అదనపు చెల్లింపు కలిపింది. 2021 మార్చిలో కొత్త వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ మొత్తం వ్యవహారానికి పాండమిక్ అసిస్టెన్స్ ఫర్ ప్రొడ్యూసర్స్ అని కొత్త పేరు పెట్టి, ఏప్రిల్ 5 నుంచి సీఫాప్ 2 దరఖాస్తులు మళ్లీ తెరిచారు. అవి అక్టోబర్ 12 దాకా నడిచాయి. ఇవన్నీ కలిపితే దేశం మొత్తం మీద 3,000 కోట్ల డాలర్ల పైమాటే.

ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. పన్ను లెక్కలో మాత్రం ఆదాయమే.

ఇప్పుడు పక్కన పెట్టాల్సినవి. చైనాతో వాణిజ్య గొడవ వల్ల నష్టపోయిన రైతులకు 2018, 2019 సంవత్సరాలకు మార్కెట్ ఫెసిలిటేషన్ ప్రోగ్రామ్ కింద డబ్బు ఇచ్చారు. 2019 చెల్లింపు మూడు వాయిదాలు. ఆఖరి వాయిదా రైతుల ఖాతాల్లో పడింది 2020 ఫిబ్రవరిలో! 2020 అని ఉన్న వరసలన్నీ కూడేస్తే ఆ వాణిజ్య గొడవ డబ్బు కోవిడ్ సాయంలో కలిసిపోతుంది. నేను చేసిన మొదటి తప్పు అదే. ఇంకా విచిత్రం, ఆ పథకానికి ఎకరా రేటు కౌంటీని బట్టి మారేది, 15 నుంచి 150 డాలర్ల దాకా. కాబట్టి పాత కాగితాల్లో ‘కౌంటీ రేటు’ అన్న మాట కనిపిస్తే అది సీఫాప్ గురించి కాదు. సీఫాప్‌లో కౌంటీ రేటు అంటూ లేదు. అక్టోబర్ నెలలో మామూలుగా పడే పంట ధర హామీ చెల్లింపులు, భూమిని బీడుగా ఉంచినందుకు ఇచ్చే అద్దె కూడా పక్కన పెట్టాల్సినవే.

2. ఒక్క రైతు లెక్క చేత్తో కట్టండి

మన రైతుబంధు లెక్కకు అలవాటు పడ్డవాళ్లకు ఇది కొంచెం చిరాకే. అక్కడ ఎకరాలు తెలిస్తే చాలు, గుణిస్తే సరిపోయేది. సీఫాప్ మొదటి విడతలో ఎకరా అసలు లెక్కలోకే రాదు. చేతిలో ఎంత సరుకు ఉంది, అది ఏ తేదీన ఉంది అన్నదే ప్రశ్న.

ఒక ఊహా రైతును తీసుకుందాం. మొక్కజొన్న 300 ఎకరాలు, సొంత పందులు, కొద్దిగా మాంసం పశువులు.

మొక్కజొన్న: 2019లో ఎకరాకు 200 బుషెళ్ల (బుషెల్ అక్కడి గింజల కొలత) చొప్పున 60,000 బుషెళ్లు పండాయి అనుకుందాం. 2020 జనవరి 15 నాటికి ధర ఖాయం కాకుండా అతని గాదెల్లో ఉన్నవి 40,000. నియమం ఏమిటంటే, ఆ నిల్వ గానీ 2019 పంటలో సగం గానీ, ఏది తక్కువైతే అది తీసుకోవాలి. సగం అంటే 30,000, కాబట్టి లెక్క 30,000 మీదే. ఇందులో సగానికి కేర్స్ చట్టం రేటు బుషెల్‌కు 32 సెంట్లు, మిగతా సగానికి కార్పొరేషన్ రేటు 35 సెంట్లు. 4,800, 5,250 కలిపి 10,050 డాలర్లు. మధ్యలో ఆ రెండు రేట్లు ఎందుకంటే సంచులు రెండు కాబట్టి. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్యలోపు 5 శాతం, అంతకు మించి ధర పడిన సరుకులకు కేర్స్ డబ్బు. ఆ తర్వాత కూడా అమ్ముకోలేక పడే నష్టానికి కార్పొరేషన్ డబ్బు.

పందులు: జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య 120 పౌండ్లు దాటిన పందులు 400 అమ్మాడు. తలకు 18 డాలర్లు, అంటే 7,200. ఆ బరువు లోపు పిల్లలైతే తలకు 28. చిన్నవాటికే ఎక్కువేమిటని అనిపిస్తుంది, కానీ రేటు నిజంగా అంతే. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య అతను ఎంచుకున్న రోజున కొట్టంలో ఉన్న పందులు 1,000, తలకు 17 చొప్పున 17,000.

పశువులు: అదే జనవరి-ఏప్రిల్ గడువులో బాగా మేపి కోతకు అమ్మినవి 50. తలకు 214 డాలర్లు, 10,700. ఏప్రిల్ మధ్యకల్లా పశువుల కొట్టం ఖాళీ అనుకుందాం, లేకపోతే ఉన్నవాటికి తలకు 33 చొప్పున కలిసేది.

మొదటి విడత మొత్తం 44,950 డాలర్లు. ఇదీ ఒకేసారి రాలేదు. డబ్బు చాలకపోతే ఎలా అని ముందు 80 శాతమే వేశారు, 35,960. ఆగస్టు నుంచి మిగతా 8,990 వేశారు. మీరు తర్వాత ఫైలు తెరిచినప్పుడు ఒకే రైతు పేరు మీద నాలుగైదు చిన్న చిన్న వరసలు కనిపించేది అందుకే.

రెండో విడతలో నియమం మారింది. ఇక్కడ ఎకరా వచ్చింది. మొక్కజొన్నకు 2020లో వేసిన ఎకరాలను 40 శాతంతో, ఆ పొలం దిగుబడితో, 58 సెంట్లతో గుణించాలి. మన రైతుకు దిగుబడి 190 అనుకుంటే 300 ఎకరాలకు 13,224 డాలర్లు. ఎకరాకు 15 డాలర్ల కనీస మొత్తం కూడా ఉంది, అది 4,500 మాత్రమే కాబట్టి ఎక్కువైనదే ఇస్తారు. పందులకు ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 లోపు తనకు నచ్చిన రోజున ఉన్న లెక్క, తలకు 23 డాలర్లు. ఈనే పందులు లెక్కలోకి రావు. 1,000కి 23,000. రెండో విడత మొత్తం 36,224.

డిసెంబర్ చట్టం అదనంగా మొక్కజొన్నకు ఎకరాకు 20 డాలర్లు, మొదటి విడతలో ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య నిల్వగా చూపిన కోత పశువులకు తలకు 63 డాలర్లు కలిపింది. మన రైతుకు మొక్కజొన్న మీద 6,000 వస్తుంది, ఆ రోజుల్లో పశువుల కొట్టం ఖాళీ కాబట్టి వాటికి ఏమీ రాదు. వీటికి మళ్లీ దరఖాస్తు అక్కర్లేదు, 2021లో వాటంతటవే పడ్డాయి. పందులకు కూడా అదనంగా తలకు 17 అన్నారు గానీ ప్రభుత్వం మారాక ఆపేశారు.

కూడితే 87,174 డాలర్లు. ఈ ఒక్క లెక్క కట్టాక మీకు ఒక కొలబద్ద చేతికొస్తుంది. కౌంటీ ఫైలులో ఒక పేరుకు 9,000 కనిపిస్తే ఎలాంటి సేద్యమో, 90,000 కనిపిస్తే ఎలాంటిదో అంచనా వేయగలరు. మీ కౌంటీలో పాడి ఎక్కువైతే పాల లెక్క కట్టండి. మొదటి విడతలో వంద పౌండ్ల పాలకు సుమారు 6.20 డాలర్లు, అదీ జనవరి నుంచి మార్చి దాకా పిండిన పాల మీద. కూరగాయలు, పండ్ల కౌంటీ అయితే రెండో విడత 2019 అమ్మకాల మీద నడిచింది. తొలి 49,999 డాలర్ల అమ్మకానికి 10.6 శాతం, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ 10 లక్షలు దాటినదానికి 8.8 శాతం.

గోధుమ కౌంటీ వాళ్లు ఒక్క విషయం చూసుకోండి. మొదటి విడతలో కొన్ని రకాల గోధుమలే ఉన్నాయి, చలికాలపు గోధుమ లేదు. రెండో విడతలో అన్ని రకాలూ వచ్చాయి. బ్రాయిలర్ కోళ్ల సంగతీ ఇంతే, రెండో విడతలోనే కనిపిస్తాయి. ‘మా కౌంటీకి మొదటి విడతలో ఏమీ రాలేదేంటి’ అన్న అనుమానం చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

3. హద్దులు ఎక్కడున్నాయో చూడండి

ఒక మనిషికి లేదా సంస్థకు ఒక్కో విడతలో 2.5 లక్షల డాలర్లే గరిష్ఠం, ఎన్ని సరుకులు పండించినా సరే. కంపెనీగా నడిచే సేద్యంలో ఒక్కొక్కరు కనీసం 400 గంటల శ్రమో యాజమాన్యమో చేసిన సభ్యులు ఇద్దరుంటే 5 లక్షలు, ముగ్గురుంటే 7.5 లక్షలు. 2016, 2017, 2018 సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాళ్లకు రాదు. అయితే ఆ ఆదాయంలో 75 శాతం సేద్యం, పశువులు, అడవి నుంచే వస్తే ఆ హద్దు లేదు.

పందులకు తలకు 17 డాలర్లంటే, నిల్వ ఒక్కదానితోనే సుమారు 14,700 పందుల దగ్గర ఒక మనిషి హద్దు నిండిపోతుంది. అయోవాలో ఆ సంఖ్య పెద్ద విషయం కాదు. దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, కౌంటీలో ఉన్న పందుల సంఖ్యను 17తో గుణించి ‘ఇంత వచ్చి ఉంటుంది’ అని రాసేవాళ్లున్నారు. హద్దు ఒక్కటే కాదు, దానికి ఇంకో పెద్ద అడ్డం ఉంది. రోడ్డు పక్క పొడుగాటి షెడ్లలో కనిపించే పందులు చాలావరకు ఆ షెడ్డు రైతువి కావు. పెద్ద కంపెనీవి. రైతు షెడ్డు, కరెంటు, పని తనది పెట్టి కాంట్రాక్టు మీద పెంచి ఇస్తాడు. ధర పడితే నష్టం ఎవరిదో సీఫాప్ డబ్బు వాళ్లకే వెళ్లింది, అంటే పందుల యజమానికి. ఆ యజమాని ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. కాంట్రాక్టు రైతులకు మొదట ఏమీ రాలేదు. 2020 డిసెంబర్ చట్టం తర్వాత, 2021లో నియమాలు మార్చి, 2018తో గానీ 2019తో గానీ పోలిస్తే 2020లో తగ్గిన ఆదాయంలో 80 శాతం దాకా వాళ్లకు ఇచ్చే వీలు కల్పించారు. ఆ ఏడాది ఖాళీ షెడ్డుకు అప్పు వాయిదా కడుతూ కూర్చున్న రైతు వేచి చూసిన కాలం ఇది. మీ లెక్కలో 2021 ఫైలు వదిలేస్తే ఆ రైతును కూడా వదిలేసినట్టే.

4. ఫైలు దించుకుని జల్లెడ పట్టండి

డబ్బు పంచింది వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, అంటే ఎఫ్‌ఎస్‌ఏ. వాళ్ల వెబ్‌సైటులో చెల్లింపుల ఫైళ్లు క్యాలెండర్ సంవత్సరం ప్రకారం, రాష్ట్రం ప్రకారం ఎక్సెల్ రూపంలో దొరుకుతాయి. 2020, 2021, 2022 మూడూ దించుకోండి. ఆదాయం 15 శాతం, అంతకు మించి తగ్గినవాళ్లకు ఇచ్చిన పాండమిక్ అసిస్టెన్స్ రెవెన్యూ ప్రోగ్రామ్ కూడా కావాలంటే 2023 కూడా, ఎందుకంటే దాని దరఖాస్తులే ఆ ఏడాది జనవరిలో మొదలయ్యాయి.

ఫైలులో ఒక్కో వరసకు రాష్ట్రం కోడ్, కౌంటీ కోడ్, డబ్బు తీసుకున్నవారి పేరు, చిరునామా, మొత్తం, తేదీ, పథకం కోడ్, పథకం పేరు, పథకం సంవత్సరం ఉంటాయి. ఇలా చేయండి:

1. అసలు ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీ తీసి దానిలోనే పని చేయండి.
2. కోడ్‌లు ఉన్న నిలువు వరసలను టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది.
3. రాష్ట్రం 19, కౌంటీ 167 వరసలే ఉంచండి. అది అయోవాలోని సూ కౌంటీ.
4. పథకం పేరు నిలువు వరసలో ఏయే పేర్లున్నాయో జాబితా తీయండి. కరోనావైరస్ అన్న మాట, సీఎఫ్‌ఏపీ అక్షరాలు, పాండమిక్ అన్న మాట మూడూ వెతకండి. ఒకే సాయం రెండు సంచుల వల్ల రెండు మూడు పేర్లతో ఉండొచ్చు.
5. తేదీ చూడండి. 2020 మే చివరికి ముందున్న ఏ వరసా సీఫాప్ కాదు.
6. మైనస్ గుర్తుతో ఉన్న వరసలు కనిపిస్తే తీసేయకండి. అవీ లెక్కలో భాగమే.

పేరు బట్టి వెతికే పనైతే జాగ్రత్త. సూ కౌంటీ పేరుతో అయోవాలో ఒకటి, నెబ్రాస్కాలో ఒకటి, నార్త్ డకోటాలో ఒకటి ఉన్నాయి. సూ సిటీ అయోవాలోనే ఉన్నా, దాని కౌంటీ వుడ్‌బరీ. సూ ఫాల్స్ ఏకంగా సౌత్ డకోటా. మన సూ కౌంటీ ముఖ్య పట్టణం పేరు ఆరెంజ్ సిటీ. కోడ్‌తో వెతికితే ఈ తలనొప్పి ఉండదు.

ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఉన్న లెక్కలతో వ్యవసాయ సబ్సిడీల డేటాబేస్ నడుపుతోంది. అందులో కౌంటీ పేజీ తెరిస్తే రెండు నిమిషాల్లో మొత్తాలు కనిపిస్తాయి. దాన్ని సరిచూసుకోవడానికి వాడండి. మీ మొత్తానికీ దానికీ కొద్దిగా తేడా ఉంటే కంగారు అక్కర్లేదు, పేర్లను కలిపే పద్ధతి వేరు కావచ్చు. రెట్టింపు తేడా ఉంటే మాత్రం ఎక్కడో వాణిజ్య గొడవ డబ్బు కలిసిపోయిందని అనుమానించండి. యూఎస్‌ఏ స్పెండింగ్ అనే సర్కారీ వెబ్‌సైటు కూడా ఉంది. కానీ అక్కడ వ్యక్తులకు వెళ్లిన చెల్లింపులను పేర్లు తీసేసి గుంపుగా చూపించడం మామూలు, కాబట్టి ‘ఎంతమందికి’ అన్న ప్రశ్నకు అది పనికిరాదు.

5. ‘ఈ కౌంటీ’ అంటే ఏమిటో అడగండి

ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఫైలులోని కౌంటీ, ఆ రైతు కాగితాలు నడిపే ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసు కౌంటీ. పొలం ఉన్న కౌంటీ కావచ్చు, కాకపోవచ్చు. రెండు మూడు కౌంటీల్లో సాగు చేసేవాళ్ల కాగితాలన్నీ ఒకే ఆఫీసులో ఉండడం మామూలే. చిరునామాలో కనిపించే ఊరు ఇంకోటి, అది చెక్కు వెళ్లే చోటు. సూ కౌంటీ కోడ్ ఉండి చిరునామా వేరే రాష్ట్రంలో ఉన్న వరసలను వేరు చేసి ఎన్ని ఉన్నాయో, ఎంతో చూడండి. ‘కౌంటీలో ఖర్చయిన డబ్బు’ అని రాయాలనుకుంటే ఈ అంకె చాలా ముఖ్యం.

6. పేర్లను మనుషులుగా మార్చండి

వరసల సంఖ్య రైతుల సంఖ్య కాదని ఇప్పటికే తెలిసింది. ఎక్సెల్‌లో పేరు మీద పివట్ టేబుల్ (ఒకే పేరున్న వరసలను కలిపి కూడే పట్టిక) వేసి ఒక్కో పేరుకు మొత్తం తీయండి. అక్కడా కొన్ని మెలికలు. భార్యాభర్తలు వేర్వేరు పేర్లతో తీసుకుని ఉండొచ్చు. అదే మనిషి తన పేరుతో కొంత, తన కంపెనీ పేరుతో కొంత తీసుకుని ఉండొచ్చు. స్పెల్లింగు తేడాతో ఒకే పేరు రెండుసార్లు రావచ్చు. చిరునామా ఒకటేనా అని చూసి కలపొచ్చు గానీ, ఎలా కలిపారో పక్కన రాసి పెట్టుకోండి. నేనైతే పేర్లను కలపకుండా ఒకటి, కలిపి ఒకటి రెండు లెక్కలు ఉంచుకుంటాను. నిజం ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

తర్వాత పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి వరసగా పేర్చండి. మూడు విషయాలు చూడండి.

ఒకటి, విడత వారీగా కూడినప్పుడు సరిగ్గా 2,50,000 దగ్గర ఆగిపోయిన పేర్లు ఎన్ని? వాళ్లు హద్దు తాకినవాళ్లు. 5 లక్షలు, 7.5 లక్షల దగ్గర ఆగినవి కంపెనీలు. సూత్రం ప్రకారం వాళ్లకు ఇంకా ఎక్కువ రావాల్సిందన్నమాట.

రెండు, పైనున్న పదో వంతు పేర్లకు మొత్తంలో ఎంత శాతం వెళ్లింది? సరుకు మీద లెక్క కట్టిన సాయం కాబట్టి, ఎక్కువ సరుకు ఉన్నవాళ్లకే ఎక్కువ వెళ్లడం సహజం. అది మోసం కాదు, పథకం తయారైన తీరే అంత. ఈ తేడా రాయకుండా ‘పెద్దలు దోచేశారు’ అని శీర్షిక పెట్టడం అన్యాయం. పథకాన్ని అలా ఎందుకు తయారు చేశారని అడగడం మాత్రం న్యాయమే.

మూడు, నట్టనడుమ రైతుకు ఎంత? సగటు వద్దు, మధ్య అంకె తీయండి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు సగటును ఎటు లాగితే అటు పోతుంది.

పేర్లు అందరికీ కనిపించేవే అయినా, మీరు రాసేదాంట్లో పక్కింటి రైతు పేరు పెట్టాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. చిన్న కౌంటీలో అందరూ అందరికీ తెలుసు, చర్చిలో, కాఫీ దగ్గర కలుస్తారు.

ఎంతమందిలో ఎంతమందికి వచ్చిందో చెప్పాలంటే వ్యవసాయ గణన కావాలి. అయిదేళ్లకోసారి తీస్తారు, 2017, 2022 లెక్కలు కౌంటీ వారీగా దొరుకుతాయి. మన కాలానికి 2022 దగ్గర. కానీ అందులో ‘ఫార్మ్’ అంటే ఏడాదికి 1,000 డాలర్ల సరుకు అమ్మినా, అమ్మగలిగినా చాలు. పెరట్లో నాలుగు గొర్రెలున్న ఉద్యోగస్తుడు కూడా ఆ లెక్కలో రైతే. అందుకే ‘ఇంత శాతం రైతులకే అందింది’ అనే వాక్యం రాసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

7. ఇంకో జేబు: పీపీపీ

జీతాల కోసమని చిన్న వ్యాపారాలకు ఇచ్చి తర్వాత మాఫీ చేసిన పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ అప్పులు రైతులకు కూడా అందాయి. ఇది వ్యవసాయ శాఖది కాదు, చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏది. కాబట్టి పై ఫైళ్లలో ఉండదు. ఎస్‌బీఏ వేరే ఫైలు పెట్టింది. అందులో పరిశ్రమ కోడ్ 111తో మొదలైతే పంటలు, 112తో అయితే పశువులు.

2020 డిసెంబర్ చట్టం తర్వాత ఒక్కరే నడుపుకునే రైతులు లాభం మీద కాకుండా మొత్తం రాబడి మీద లెక్క చూపే వీలొచ్చింది. గరిష్ఠం లక్ష డాలర్లు, దాన్ని 12తో భాగించి 2.5తో గుణిస్తే 20,833. పల్లె కౌంటీల జాబితాలో 20,833, 20,832 అనే అంకె వరసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఈ డబ్బును సీఫాప్‌తో కలిపి చెప్పొచ్చు, కానీ విడిగా కూడా చూపించండి. తీసుకున్నవాళ్ల సంఖ్యలను మాత్రం కూడొద్దు, చాలావరకు వాళ్లే వీళ్లు.

8. ఆఫీసుకు వెళ్లండి

ఎఫ్‌ఎస్‌ఏకు దేశమంతా 2,000కు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. ఒక్కోదాన్నీ రైతులే ఓటేసి ఎన్నుకున్న కమిటీ చూస్తుంది. దరఖాస్తు ఫారాలు మొదటి విడతకు ఏడీ-3114, రెండో విడతకు ఏడీ-3117. ఖాళీ ఫారం ఒకటి సంపాదించి చదివితే మీకు సగం సందేహాలు తీరతాయి. అందులో కనిపించే ముఖ్య విషయం, అంకెలను రైతే స్వయంగా ధ్రువీకరించాలి. కాగితాలు ముందే పెట్టక్కర్లేదు, తనిఖీకి ఎంపికైతే చూపాలి. లాక్‌డౌన్‌లో ఆఫీసు తలుపులు మూసి ఫోన్లు, ఈమెయిళ్ల మీద నడిచిన పథకం కదా.

అక్కడ ఏం అడిగితే దొరుకుతుంది, ఏం అడిగితే దొరకదు అనేది 2008 ఫార్మ్ బిల్లులోని 1619వ సెక్షన్ తేలుస్తుంది. ఫలానా రైతు ఎన్ని ఎకరాలు చూపించాడు, ఎన్ని పందులు చూపించాడు అంటే చెప్పరు, చెప్పకూడదు. ఎవరికి ఎంత చెల్లించారన్నది చెప్పొచ్చు. కాబట్టి మొత్తంగా అడగండి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని తనిఖీ చేశారు, ఎంత వెనక్కి రాబట్టారు. కౌంటర్ దగ్గర చెప్పకపోతే సమాచార హక్కు చట్టం, అక్కడ ఫోయా అంటారు, దాని కింద రాతపూర్వకంగా అడగండి. జవాబుకు గడువు 20 పని దినాలు. ఆచరణలో నెలలు పట్టొచ్చు, కాబట్టి మొదటి రోజే వేసేసి మిగతా పని చేసుకోండి.

ఆఫీసులో పనిచేసేవాళ్లు మీకు శత్రువులు కారు. వారం వారం మారే నియమాలతో ఆ వేసవంతా ఫోన్లు ఎత్తినవాళ్లు. మీ మొత్తం అంకె వాళ్ల ముందు పెట్టి ‘ఇది మీ అంచనాకు దగ్గరగా ఉందా’ అని అడిగితే, చాలాసార్లు తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టిస్తారు.

9. వాక్యం రాసేటప్పుడు

‘సూ కౌంటీకి ఇన్ని డాలర్లు వచ్చాయి’ అని కాకుండా ఇలా రాయండి: ‘2020 మే నుంచి 2022 డిసెంబర్ దాకా, సూ కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసు ద్వారా, సీఫాప్ రెండు విడతలు, అదనపు చెల్లింపులు కలిపి ఇన్ని డాలర్లు, ఇన్ని పేర్లకు వెళ్లాయి. ఇందులో వాణిజ్య సాయం, పీపీపీ అప్పులు లేవు.’ పొడుగ్గానే ఉంటుంది. కానీ ఆరు నెలల తర్వాత ఎవరైనా మీ అంకెను సవాలు చేస్తే, ఆ వాక్యం తెరిచి మళ్లీ అదే లెక్క కట్టి చూపించగలరు. ఫైలు దించుకున్న తేదీ కూడా పక్కన వేయండి, ఎందుకంటే వెనక్కి రాబట్టిన డబ్బు, ఆలస్యంగా తేలిన అప్పీళ్లు తర్వాతి ఏళ్ల ఫైళ్లలోకి వస్తూ ఉండొచ్చు.